హాజరు ఫొటో

కిందటి వారం మీరు నన్ను వదిలి వెళ్లేసరికి నేను ఆఫీసు మెట్ల మీద నిలబడి ఉన్నాను. మణికుమార్‌ని ఎక్కించుకున్న పోలీసు జీపు బెంజి సర్కిల్ వైపు మలుపు తిరుగుతోంది. మీకు వారం గడిచింది గానీ మాకు గడిచింది ఒక్క రాత్రే. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. ఏడుపుతో కాదు, కోపంతో.

కొత్తగా చదివేవాళ్ల కోసం సంగతి చెబుతాను. ఉయ్యూరు దాటాక చెరకు తోటల మధ్య ఒక సబ్‌స్టేషన్ ఉంది. అక్కడ దొంగలు పడి రాగి తీగ పట్టుకుపోతూ, అడ్డం వచ్చిన వాచ్‌మన్ పేరయ్య గారి తల పగలగొట్టారు. ఆయన ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నారు, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. పట్టుబడ్డ దొంగ ఫోన్‌లో ఆ సబ్‌స్టేషన్ లోపలి ఫొటో దొరికింది. కంచె ఎక్కడ తెగి ఉందో, రాగి చుట్టలు ఏ మూల పెట్టారో అందులో స్పష్టంగా కనిపిస్తోందట. ఆ సబ్‌స్టేషన్‌ని డ్రోన్‌తో తనిఖీ చేసేది మా కంపెనీ. డ్రోన్ ఎగరేసేది మణికుమార్. కాబట్టి ఫొటో అమ్ముకున్నది కూడా వాడే అన్నారు.

ఇక నేను జహీదాని. ఆ కంపెనీలో ఫొటోలకు తాళం వేసే ఉద్యోగం నాది. నవ్వకండి, నిజంగా అదే పని. డ్రోన్ తీసిన ప్రతి ఫొటోనీ అక్కడికక్కడే ఎన్‌క్రిప్ట్ చేస్తాం. అంటే బొమ్మని పిండి పిండి చేసి దాస్తాం. కీ ఉన్నవాళ్లు తెరిస్తేనే అది మళ్లీ బొమ్మ అవుతుంది, లేనివాళ్లకు చెత్త. ఏ టవర్‌కి ఏ బోల్టు ఊడిందో, ఏ గోడ ఎక్కడ కూలిందో బయటివాళ్లకు తెలిస్తే ఊళ్లకు ఊళ్లు చీకటైపోతాయి. అందుకే కాంట్రాక్టు ఇచ్చేటప్పుడే కరెంటు శాఖ వాళ్లు ఈ షరతు పెట్టారు. కీ ఇద్దరి దగ్గరే ఉంటుంది, నా దగ్గరా, మణికుమార్ దగ్గరా. నేను బయటపెట్టలేదు. ఇక మిగిలిందెవరు? లెక్క ఎంత సులువుగా తేలిపోయిందో చూశారా? ఆ సులువు చూసే నాకు ఒళ్లు మండింది.

ఉదయం ఆఫీసుకి వచ్చేసరికి మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన ఒకావిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో వైరు సంచి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రిసెప్షన్‌లో జెస్సికా ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని, "చేపల వాసనక్కా. మేడమ్ ఇంకా రాలేదని అక్కడ కూర్చోమన్నా" అంది.

"ఎవరావిడ?"

"మణికుమార్ వాళ్ల అమ్మంట."

కొడుకుని జీపులో తోసిన చోటికి తల్లి వస్తే చెప్పుల పక్కన కూర్చోబెడతారా? జెస్సికాని ఏమన్నానో ఇక్కడ రాయను. ఆవిడ చెయ్యి పట్టుకుని లేపాను. పేరు మంగాయమ్మ గారు. నాగాయలంకలో చేపలమ్మే మనిషి. నిన్న కబురు తెలియగానే బస్సెక్కి వచ్చి, రాత్రంతా పోలీస్ స్టేషన్ బయట అరుగు మీదే కూర్చుందట.

"నువ్వేనా జహీదమ్మవి?" అంది నా మొహంలోకి చూసి. "మావోడు నీ పేరు చెప్పేవోడు. అక్కలాగా చూసుకుంటదని."

ఆ మాట నాకు ముల్లులా దిగింది. తిన్నగా మేడమ్ గదిలోకి తీసుకెళ్లాను.

సుబ్బరత్నం మేడమ్ అప్పుడే వచ్చి ఏసీ వేసుకుంటోంది. ఆవిడ గురించి చెడ్డగా ఒక్క మాట చెప్పే ముందు మంచి కూడా చెప్పాలి. భర్త పోయాక, ఆడమనిషి కరెంటు కాంట్రాక్టులేం చేస్తుందని నవ్విన మగవాళ్లందరి ముందూ ఈ కంపెనీ నిలబెట్టింది. నాకు ఉద్యోగం ఇచ్చేటప్పుడు బురఖా గురించి గానీ, పెళ్లి గురించి గానీ ఒక్క ప్రశ్న అడగలేదు. అందుకే నాకు ఆవిడంటే గౌరవం. ఉండేది.

"మంచి పని చేశావు జహీదా, ముందే వచ్చావు" అంది. పక్కన మంగాయమ్మ గారిని చూసి మొహం చిట్లించింది గానీ వెంటనే సర్దుకుంది. "మధ్యాహ్నం లోపల ఎస్సై గారు వస్తారు. నీ దగ్గర ఒక్క మాట తీసుకుంటారంతే. ఆ ఫొటో మన డ్రోన్ తీసిన ఫొటోనే అని. సాయంత్రం వాణ్ణి కోర్టుకి తీసుకెళ్తారట."

వాడు అన్నది ఎవరినో ఆవిడకీ తెలుసు, వాడి తల్లి అక్కడే నిలబడి ఉందని కూడా తెలుసు.

"మా వాడేం చేశాడండీ?" అంది మంగాయమ్మ గారు. గొంతు పెద్దది. గట్టు మీద నిలబడి నావలోవాళ్లని కేకేసి పిలిచే గొంతు. "మీ సొమ్ము తిన్నాడా? మీ ఫొటో అమ్మాడా? అమ్మితే ఎవరికమ్మాడు, మీరు చూశారా?"

"చూడమ్మా, మాకూ బాధగానే ఉంది. కానీ వాడే నోరు విప్పట్లేదు. తప్పు చెయ్యనివాడు నోరెందుకు మూసుకుంటాడు?"

ఆ మాటకి మంగాయమ్మ గారు తగ్గింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "అదేనండీ నాకూ అర్థం కానిది. రాత్రి కాసేపు చూడనిచ్చారు. నేను చెయ్యలేదమ్మా అన్నాడు. మరెవరు చేశార్రా అంటే తల దించుకున్నాడు. చిన్నప్పుడు వల తెగ్గొట్టినా, నావ గుద్దినా ఇంటికొచ్చి ముందు చెప్పేవోడు వాడేనండీ. అబద్ధం రాదు వాడికి. అందుకే మాట్లాడకుండా ఉన్నాడేమో."

"మేడమ్, ఆ ఫొటో ఒకసారి చూపించండి" అన్నాను.

"ఎందుకు?"

"ఎందుకేమిటి? ఫొటోలకి తాళం వేసేదాన్ని నేను. ఏ ఫొటో పోయిందో నాకు చూపించకుండానే దొంగని పట్టేశారు. చూడని ఫొటోని మనదేనని నేనెలా చెబుతాను?"

గొంతు పెరిగింది. పెరగనీ అనుకున్నాను. మేడమ్ ఫోన్ తీసి, ఎస్సై పంపిన ఫొటో తెరిచి బల్ల మీద నా వైపు జరిపింది. ఫోన్ మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు. నేనే లాక్కున్నాను.

చూడగానే నాకు అర్థమైంది. మీకూ అర్థమవుతుంది, వినండి. డ్రోన్ పైనుంచి చూస్తుంది. కొంగ చెరువుని చూసినట్టు. డ్రోన్ ఫొటోల్లో ట్రాన్స్‌ఫార్మర్ల నెత్తి కనిపిస్తుంది. ఈ ఫొటోలో కనిపిస్తోంది వాటి పొట్ట. మనిషి నిలబడి, చెయ్యి చాపి తీసిన ఎత్తు. ఎవరో వేళ్లతో పెద్దది చేసి, కావలసిన మేర స్క్రీన్‌షాట్ తీసుకున్నట్టుంది, బొమ్మ కాస్త అలుక్కుపోయింది. అయినా అంచున ఒక చెవి, నారింజ రంగు జాకెట్టు భుజం ముక్క కనిపిస్తున్నాయి. వెనక తెగిన కంచె. కంచెకి కట్టిన ప్రమాదం బోర్డు.

ఆ బోర్డు మీద అక్షరాలు చదవబోతే నాలిక తిరగలేదు. అన్నీ తలకిందులు కాదు, కుడి ఎడమలు అయి ఉన్నాయి.

మేడమ్ గదిలో గాజు బీరువా ఉంది, షీల్డులు పెట్టుకునేది. ఫోన్ పట్టుకెళ్లి ఆ అద్దానికి ఎదురుగా పెట్టాను. అద్దంలో బోర్డు చక్కగా చదవడానికి వచ్చింది. ప్రమాదం.

"మేడమ్," అన్నాను, "మన డ్రోన్‌కి సెల్ఫీ కెమెరా ఎప్పుడు పెట్టించారు?"

ఆవిడ బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టింది.

"నాకు అర్థం కాలేదమ్మా" అంది మంగాయమ్మ గారు.

"ఇది మీవాడి డ్రోన్ తీసిన ఫొటో కాదండీ. ఎవరో ఫోన్ ముందు కెమెరాతో తమ మొహం తామే తీసుకున్న ఫొటో. కొన్ని ఫోన్లలో అలా తీస్తే అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. మా కంపెనీలో అలాంటి ఫొటో రోజూ పొద్దున్నే అందరూ తీస్తారు. తియ్యకపోతే ఆ రోజు జీతం లేదు. దాన్ని హాజరు ఫొటో అంటారు."

పనిమీద వెళ్లిన ప్రతి మనిషీ, డ్రైవరైనా, నిచ్చెన మోసేవాడైనా, సైటులో యంత్రాలు వెనక కనబడేలా నిలబడి తన ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. కింద తేదీ, టైము, ఊరి పేరు, అక్షాంశాలు, రేఖాంశాలు వాటంతటవే అచ్చయ్యే యాప్‌తోనే తియ్యాలి. ఇంట్లో పడుకుని సైటులో ఉన్నామని చెప్పకుండా మేడమ్ పెట్టిన రూలు. మా దగ్గరే కాదు, ఈ చుట్టుపక్కల ఏ కాంట్రాక్టు పనిలోనైనా ఇదే తంతు. కాలవ తవ్వినా ఫొటో, గోడకి సున్నం వేసినా ఫొటో. కానీ మేం తిరిగేది కాలవ గట్లమీద కాదు కదా!

"ఆ గ్రూపులో ఎవరున్నారో మీకు తెలుసా మేడమ్? పని మానేసిన డ్రైవర్లున్నారు. పోట్లాడి వెళ్లిపోయిన సబ్ కాంట్రాక్టర్లున్నారు. ఎప్పుడో కేరేజీలు తెచ్చినాయన కూడా ఉన్నాడు. చేర్చడమే గానీ తీసెయ్యడం లేదు. నేను ఇక్కడ కూర్చుని ఒక్కో ఫొటోకీ తాళం వేస్తుంటే, మీరు అదే సబ్‌స్టేషన్‌ని, అడ్రసుతో సహా, పొద్దున్నే ఊరందరికీ పంచుతున్నారు. ముందు గుమ్మానికి తాళం, దొడ్డి గుమ్మం బార్లా! ఆ కంచె తెగిందని, బాగు చెయ్యమని మనం తాళం వేసి పంపిన రిపోర్టు ఏమైందో చెప్పనా? దాన్ని ఇంతవరకూ ఎవరూ తెరవలేదు. కీ కోసం నాకు ఒక్క ఫోనూ రాలేదు. బాగు చెయ్యాల్సినవాళ్లకి తాళం అడ్డమొచ్చింది, దొంగలకి మాత్రం మన హాజరు అందింది. పేరయ్య గారి తల పగలగొట్టింది మన రూలే మేడమ్!"

"అరవకు" అంది మేడమ్. లేచి వెళ్లి తలుపు వేసింది. తిరిగి వచ్చి కూర్చున్నాక ఆవిడ గొంతు మారిపోయింది. బతిమాలే గొంతు కాదు, బేరం గొంతు. "నువ్వు చెప్పిందంతా నిజమే అనుకో. తాళం లేని ఫొటో ఒక్కటి మన చేతిలోంచి బయటికి పోయిందని తేలితే కాంట్రాక్టు రద్దు. బ్లాక్‌లిస్టు. ఇక ఎవరూ మనకి పనివ్వరు. మన మీద ఎన్ని ఇళ్లు బతుకుతున్నాయో నీకు తెలుసు. నీ ఇల్లుతో సహా. అదే ఒక కుర్రాడు కీ దుర్వినియోగం చేశాడంటే, అది వాడి తప్పు, కంపెనీది కాదు. వాడికి లాయర్ని నేనే పెడతాను. బయటికొచ్చాక ఏదో దారి చూపిస్తాను. అందరి కోసం ఒక్కడేగా జహీదా..."

"ఒక్కడా!"

గాజు బీరువాలో షీల్డులు అదిరాయి. మంగాయమ్మ గారు బల్ల మీదికి వంగింది.

"మీకు ఒక్కడు. నాకూ ఒక్కడేనమ్మా! వాళ్ల నాన్న సముద్రంలోకి పోయి రాలేదు. ఈడన్నా నీళ్ల మీద వద్దని, గట్టు మీద బతకాలని, ఎండలో చేపలమ్మి చదివించుకున్నా. ఆ గాల్లో ఎగిరే మిషను నేర్చుకున్నాడని మా పేటంతా మిఠాయి పంచా. నువ్వు లాయర్ని పెడతావా? నీ కొడుకుని జీపెక్కించి నేను లాయర్ని పెడతా, ఊరుకుంటావా?"

సుబ్బరత్నం మేడమ్ మొహం తిప్పుకుంది. నాకు జాలి వెయ్యలేదు. కంచే చేను మేస్తే చేనుకి దిక్కెవరు? కాపాడమని చేతికిచ్చినదాన్ని ఊరంతా చల్లి, ఆ నేరం ఇంకొకరి మెడకి చుడుతుంటే ఎవరికి జాలి వేస్తుంది?

నా ఫోన్ తీశాను. హాజరు గ్రూపు తెరిచాను.

"మంగాయమ్మ గారూ, మీ ముందే చెబుతున్నాను. ఈ ఫొటో అసలుది ఇందులోనే ఉంటుంది. అది ఎవరు పెట్టినా సరే, ఎస్సై గారు రాగానే నేనే చూపిస్తాను. ఎవరిదైనా సరే. అల్లా మీద ఒట్టు."

"వెతక్కు జహీదా" అంది మేడమ్.

ఆ గొంతులో ఈసారి బేరం లేదు. నేను తలెత్తి చూశాను.

"నీ మంచికే చెబుతున్నా. పైకి జరపకు."

అప్పటికే జరుపుతున్నాను. రోజుల తరబడి పొద్దుటి మొహాలు బొటనవేలి కింద దొర్లుతున్నాయి. చల్లపల్లి దగ్గర టవర్ ముందు ఒకడు మీసం మెలేస్తున్నాడు. ఇంకొకడు కంట్రోల్ రూమ్ మీటర్లన్నీ కనబడేలా నిలబడి రెండు వేళ్లు చూపిస్తున్నాడు. ఒకడు ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆనుకుని టీ తాగుతున్నాడు. ప్రతి ఫొటో కిందా ఆ చోటికి దారి అచ్చయి ఉంది. మా డెల్టా కరెంటంతా అక్కడ పళ్లికిలిస్తోంది. చూస్తున్నకొద్దీ నా కోపం పెరిగింది. అంతలో దొరికింది.

తెగిన కంచె. తిరగబడ్డ బోర్డు. నారింజ రంగు జాకెట్టు. వెనక కాస్త దూరంలో వంగి డ్రోన్ పెట్టె తెరుస్తున్న మణికుమార్. ముందు, ఫొటో సగం నిండా, టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని నవ్వుతున్న మొహం.

ఇష్తియాక్. మా తమ్ముడు. మా కంపెనీ బొలేరో డ్రైవరు. ఆ ఉద్యోగం మేడమ్‌ని అడిగి ఇప్పించింది నేనే.

"చెప్పానుగా" అంది మేడమ్ మెల్లిగా. "నిన్న ఎస్సై ఫొటో పంపగానే నేనూ వెతికాను. ఫొటో పెట్టడం నేరం కాదు, వాడు రూలు ప్రకారం పెట్టాడు, అక్కణ్ణుంచి ఎవడు ఎత్తుకుపోయాడో ఎవరికి తెలుసు? కానీ గ్రిడ్ ఫొటో, ఇష్తియాక్ అనే పేరు, రెండూ కలిపి టీవీలో వస్తే, రాగి దొంగతనం దగ్గర ఆగుతుందా? నువ్వే చెప్పు. నేను ఆ పేరు చెప్పకపోవడం నీ తమ్ముణ్ణి తప్పించడానికి కూడానమ్మా."

నాకు వచ్చిన కోపానికి పేరు లేదు. ఆవిడ చెప్పింది అబద్ధమైతే చెంప మీద కొట్టి ఉండేదాన్నేమో. నిజమే చెప్పింది. మా ఇళ్లలో ప్రతి తల్లీ కొడుకుల్ని బయటికి పంపేటప్పుడు భయపడే నిజం. ఆ నిజాన్నే తాడు చేసి నా మెడకి వేసి, రెండో కొస తన చేతిలో పట్టుకుని కూర్చుంది. తనకి మణికుమారూ ఒకటే, ఇష్తియాకూ ఒకటే. రూలు పెట్టిన చెయ్యి మాత్రం ఎక్కడా కనబడకూడదు.

"ఏదీ, నన్ను చూడనీ" అంది మంగాయమ్మ గారు.

నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. నేను ఇచ్చానో, ఆవిడే లాక్కుందో నాకు గుర్తు లేదు. కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. మళ్లీ దూరంగా పెట్టి చూసింది.

"ఈ అబ్బాయి మా ఇంటికొచ్చాడుగా" అంది. "మావోడే తీసుకొచ్చాడు. రొయ్యల కూర అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాడు. అమ్మా, అమ్మా అని వెనకే తిరిగాడు. పోతా పోతా, వీణ్ణి నేను చూసుకుంటాలే అమ్మా, నువ్వు దిగులు పడకన్నాడు. ఏదో పేరు... ఇష్తాకు."

"ఇష్తియాక్" అన్నాను. "మా తమ్ముడండీ."

ఆవిడ ఫొటోలో నవ్వుతున్న వాణ్ణీ, వెనక వంగి ఉన్న కొడుకునీ మార్చి మార్చి చూసింది. మణికుమార్ ఆ ఉదయం అక్కడే ఉన్నాడు. పోలీసులు ఫొటో చూపించగానే ఆ చెవి ఎవరిదో, ఆ జాకెట్టు ఎవరిదో వాడికి తెలిసిపోయి ఉంటుంది. ఒక్క పేరు చెబితే రాత్రే ఇంటికి పోయేవాడు.

"అందుకా!" అంది మంగాయమ్మ గారు. "అందుకా మావోడు నోరు విప్పంది!"

కింద జీపు ఆగిన చప్పుడైంది. జెస్సికా తలుపు కొంచెం తెరిచి, "మేడమ్, ఎస్సై గారొచ్చారు" అని చెప్పి వెళ్లిపోయింది. మెట్ల మీద బూట్లు. సుబ్బరత్నం మేడమ్ గబగబా చెయ్యి చాపింది ఫోన్ కోసం. మంగాయమ్మ గారు ఫోన్‌ని కొంగు చాటుకి తీసుకుంది. ఆవిడ కళ్లల్లో నీళ్లు లేవు. ఆవిడకీ నాలాగే ఒళ్లంతా మండుతోంది.

"నీ తమ్ముడి కోసం నా కొడుకు నోరు మూసుకున్నాడు. మరి నువ్వు ఎవరి కోసం మూసుకుంటావే అమ్మాయ్?"

తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఎస్సై టోపీ తీసి చంకలో పెట్టుకుంటూ మమ్మల్ని ముగ్గుర్నీ చూశాడు.

"జహీదా గారంటే ఎవరండీ?"

"నేనేనండీ" అన్నాను.

ఫోను ఇంకా మంగాయమ్మ గారి చేతిలోనే ఉంది.